నష్టం లేని నకలు

బెంగళూరు జయనగరంలో నాకొక పాత మిత్రుడున్నాడు. నలభై ఏళ్ళు దాటిన స్నేహం. ప్రభుత్వ రంగ కర్మాగారం ఒకదాంట్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళదీ మా కుటుంబంలాగే కోలారు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు సంసారం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. అతని ప్రాణం మాత్రం ఈ మూడు చోట్లా కాక, ఇంగ్లీషు పాప్ పాటల్లో, అందులోనూ జపానులో తయారైన డిస్కుల్లో ఉంటుంది. గోడ పొడుగునా అద్దాల బీరువాల్లో రెండు వేలకు పైగా పేర్చి ఉన్నాయి. వాటన్నిటికీ చుక్క నష్టం లేని నకళ్ళు తీసి కంప్యూటరులో దాచుకున్నాడు.

మొన్నామధ్య ఒక శనివారం సాయంత్రం వెళ్ళేసరికి వాళ్ళ బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి చెవుల డాక్టరు ఇచ్చిన కాగితం. రెండోది జపాను నుంచి వచ్చిన పార్సెలు, ఇంకా విప్పలేదు. కాఫీ తెచ్చిన అతని భార్య ఆ రెండింటినీ చూపించి, "మీరైనా అడగండన్నా. చెవి పోతా ఉందని డాక్టరు రాసిచ్చినాడు. అదే రోజు పాటల పెట్టె వచ్చి కూచుంది. వినపడని పాటకు ఎవరైనా ఇంత దుడ్డు పెడతారా?" అంది.

మిత్రుడు నవ్వి ఊరుకున్నాడు. నేనూ నవ్వేసి, కాఫీ తాగి వచ్చేశాను. కానీ ఆ చెల్లెమ్మ అడిగిన మాట బస్సులో నా పక్కనే కూర్చుని ఇంటి దాకా వచ్చింది. అనుభవించడానికి లేని దాన్ని కూడబెట్టడం ఏమిటి? ఆశా, అలవాటా, లేక అందులో ఏదైనా ధర్మం ఉందా?

డాక్టరు కాగితం మీద గీత నేనూ చూశాను. 1,000, 2,000 హెర్ట్జ్ దగ్గర బాగానే ఉంది. 4,000 దగ్గర్నుంచి మెట్లు దిగినట్టు దిగి, 8,000 చేరేసరికి కాగితం అడుగు పట్టింది. వయసుతో వచ్చేదే ఇది. చెవి లోపల శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు పై స్థాయి వైపు నుంచి ముందుగా పోతాయి, పోయినవి మళ్ళీ మొలవవు. మాట వినపడుతుంది గానీ కొన్ని హల్లులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పాటలో గొంతూ గిటారూ వినపడతాయి. కంచు తాళాల మీది మెరుపు, పాడేవాడు ఊపిరి తీసుకునే సవ్వడి ఉండవు. మిత్రుడు ఇన్నేళ్ళూ డబ్బు పోసింది సరిగ్గా ఆ మెరుపు కోసమే.

పాఠకుల్లో కొందరికి ఈ వ్యసనం సంగతి కొత్త కావచ్చు గనక కొంచెం చెప్పాలి.

కాంపాక్టు డిస్కు 1982 అక్టోబరు 1న జపాను బజారులోకి వచ్చింది. సోనీ కంపెనీ మొదటి యంత్రమూ, బిల్లీ జోయెల్ పాటల ఆల్బమూ ఆ రోజునే వెలువడ్డాయి. తొలి రోజుల్లో డిస్కు వెల 3,500 యెన్‌లు. తోషిబా వాళ్ళ ఆనాటి డిస్కుల మీద సీపీ35 అని మొదలయ్యే నంబరులో ఆ 35 ఈ వెలే. జపానులో పుస్తకాలకీ పత్రికలకీ రికార్డులకీ 1953 నుంచీ ఒక నియమముంది. కంపెనీ నిర్ణయించిన వెల కంటే దుకాణదారు తగ్గించి అమ్మడానికి వీల్లేదు. పై దేశం నుంచి దిగుమతైన డిస్కులకి ఆ కట్టడి లేదు. అంచేత ఒకే ఆల్బం, ఒకే దుకాణంలో, అమెరికా నుంచి వచ్చిందైతే చవక, సొంత దేశంలో చేసిందైతే ఖరీదు. కొనేవాడు చవకది కొనుక్కుని పోకుండా ఉండాలని జపాను కంపెనీలు తమ డిస్కులో మరెక్కడా లేని ఒకటి రెండు పాటలు అదనంగా చేర్చేవి. పాటల సాహిత్యం పుస్తకంగా వేసేవి. పక్కన ఒక కాగితపు పట్టీ చుట్టేవి. దాన్ని ఓబీ అంటారు. కిమోనో మీద కట్టే నడికట్టు పేరే దానికీ పెట్టారు. అట్లా తమ ఊరి కొనుగోలుదారుని నిలుపుకోవడానికి పెట్టిన ఎర, సముద్రాలు దాటి మిగతా ప్రపంచానికి అపురూపమైపోయింది. అమెరికా పాట జపాను వెళ్ళి, దిగుమతి సరుకై అమెరికాకే తిరిగొచ్చింది. కొంత బెంగళూరుకీ వచ్చింది.

ఇక నష్టం లేని నకలు అంటే ఏమిటి? డిస్కు మీద పాట అంటే అంకెలే. సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కొక్క కొలతనీ 16 ద్విసంఖ్యలతో, కుడి ఎడమలకి విడివిడిగా రాస్తారు. నాలుగు నిమిషాల పాటకి సుమారు 42 మెగాబైట్లు. ఎంపీ3 పద్ధతి దాన్ని పదకొండో వంతుకి కుదించగలదు. ఎట్లాగంటే, మనిషి చెవి ఎలాగూ పట్టించుకోదని లెక్కగట్టిన భాగాలని తీసిపారేసి. 2001లో మొదటి రూపం వెలువడ్డ ఫ్లాక్ పద్ధతి అట్లా కాదు. కుదింపు తక్కువ, మోటుగా చెబితే సగానికి. కానీ విప్పితే మొదటి అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు తిరిగొస్తాయి. చీరని మడిచి పెట్టెలో పెట్టడం వేరు, పెట్టెలో పట్టలేదని అంచు కత్తిరించడం వేరు. పైగా ఫ్లాక్ నకలులోనే మొత్తం అంకెల మీద లెక్కగట్టిన ఒక గుర్తుసంఖ్య రాసి ఉంటుంది. ఎన్నేళ్ళ తరవాత విప్పి చూసినా, ఒక్క అంకె చెదిరినా ఆ సంఖ్య పట్టిచ్చేస్తుంది.

ఇప్పుడు చెల్లెమ్మ ప్రశ్నకి వద్దాం.

ధనానికి భర్తృహరి చెప్పిన మూడు గతులు బళ్ళో తెలుగు చదవని మనవాళ్ళకీ తెలుసు. దానం, భోగం, నాశం. ఇవ్వనివాడి సొమ్మూ తిననివాడి సొమ్మూ మూడో దారిన పోతాయి. మా మిత్రుడి సొత్తుని ఈ కొలతతో కొలిచి చూశాను. భోగం చెవితో పాటు వెళ్ళిపోతోంది. నాశం సంగతి, తగిన జాగ్రత్తపడితే ఈ నకలుకి అది లేదు. డిస్కు పాడైనా అంకెలు ఇంకో చోటికి మారతాయి. ఇక మిగిలింది దానం. ఇస్తే తరగదు. ఇచ్చినవాడి దగ్గర ఉన్నదంతా ఉంటుంది, పుచ్చుకున్నవాడికీ అంతే వస్తుంది. ఇస్తే తరగని ధనం విద్య ఒక్కటేనని మన పెద్దలు చెప్పారు. ఇదిగో, రెండోది. మరి ఇంత సులువైన దానం ఎందుకు చెయ్యడు?

మర్నాటి ఆదివారం వెళ్ళి ఇదే అడిగాను. కాసేపు దాటవేశాడు గానీ, పాత స్నేహం గనక చివరికి ఒక సంగతి చెప్పాడు. కొన్నేళ్ళ కిందట మద్రాసు నుంచి ఒకాయన ఉత్తరం రాశాడట. ఆయనా మనవాడే, ఆయనకీ ఇదే పిచ్చి. మా మిత్రుడి దగ్గరున్న ఒక జపాను డిస్కులోని అదనపు పాట కోసం పదిహేనేళ్ళుగా వెతుకుతున్నాడు. నకలు పంపమని బతిమాలాడు. ఇతను పంపలేదు. కాపీరైటు ఒప్పుకోదని జవాబు రాశాడు.

ఆ జవాబులో తప్పేమీ లేదు. మన దేశంలో ధ్వనిముద్రణ మీద హక్కు, అది వెలువడ్డ మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. పాట కట్టినవాళ్ళ హక్కు ఇంకా ఎక్కువ కాలం. ఇస్తే ఇచ్చినవాడికి తరగదన్నది నిజమే గానీ, పాడినవాడికీ కట్టినవాడికీ రావలసింది తరగవచ్చు. విద్యాదానంతో పోల్చి ఈ సంగతి దాటేయడం న్యాయం కాదు. అది ఒప్పుకుంటూనే, "మరి ఆయన్ని ఇంటికి రమ్మన్నావా? మీ హాల్లో కూర్చోబెట్టి నీ డిస్కు నువ్వు వినిపిస్తే ఎవరి సొమ్ము పోతుంది?" అన్నాను.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నిజం చెప్పాలంటే, ఆ పాట ఈ ఊళ్ళో నా దగ్గర తప్ప లేదు అనే మాట నాకు బాగుండిందిరా. ఆయన విని పోతే ఆ మాట సగమైపోతుంది అనిపించింది" అన్నాడు.

ఈ మాట నన్ను బాధపెట్టలేదు, ఆలోచింపజేసింది. నష్టం లేని వస్తువుని ఇస్తే నష్టపోయేది ఒకటుంది. అపురూపత. అది పాటలో లేదు, డిస్కులో లేదు, ఇంకొకరికి లేకపోవడంలో ఉంది. అపురూపమైన దాన్ని ప్రేమించడం ఒక సంగతి. అపురూపంగానే ఉండిపోవాలని కోరుకోవడం ఇంకో సంగతి. మొదటిదానికి వస్తువు చాలు. రెండోదానికి పక్కవాడి లేమి కూడా కావాలి. ఈ రెండూ ఒకే బీరువాలో, ఒకే తాళం కింద ఉంటాయి గనక ఏది ఏదో సొంతదారుకే తెలియదు. చట్టం చూపించి నకలు ఇవ్వనివాడు, చట్టం అడ్డురాని చోట తలుపు తీస్తే మొదటివాడు. తియ్యకపోతే రెండోవాడు. ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తోచలేదు.

అయితే సేకరించేవాళ్ళందరినీ లోభులని తేల్చెయ్యడం తొందరపాటు. వాళ్ళ పక్షాన చెప్పవలసింది చాలా ఉంది.

2008 జూన్ 1న అమెరికాలో హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియో ఆవరణలో అగ్నిప్రమాదం జరిగింది. అక్కడి గిడ్డంగిలో ఎందరో గాయకుల మూల టేపులుండేవి. ఎంత పోయిందన్న చర్చ 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసేదాకా లోకానికి తెలియలేదు. అంత నష్టం లేదని కంపెనీ వాదించింది. ఎంతైనా కానీండి, మూలం ఒకే చోట ఉంటే ఒక్క రాత్రిలో పోగలదని తేలింది. మంట లేకుండా కూడా మూలం కనుమరుగవుతుంది. 1990ల నుంచీ పాత ఆల్బములని కొత్తగా వెలువరించేటప్పుడు చాలావాటిలో మొత్తం శబ్దం పెంచారు. మెల్లగా పాడిన చోటుకీ గట్టిగా పాడిన చోటుకీ ఉన్న తేడా తగ్గిపోయింది. బీటిల్స్ వాళ్ళ ‘ఆబీ రోడ్’ 1969 నాటిది. డిస్కుగా లోకమంతటికీ 1987లో వచ్చింది, 2009లో మళ్ళీ శుభ్రం చేశారు, 2019లో గొంతులూ వాద్యాలూ విడదీసి కొత్తగా కలిపారు. ఒక్కొక్కటీ ఒక్కొక్క తీరు. నెల నెలా చందా కట్టి ఫోన్‌లో వినేవాడికి ఏది వినిపిస్తే అదే పాట. పాతది ఎట్లా ఉండేదో చూపించమంటే చివరికి ఎవరింటి బీరువానో తెరవాలి. ఎవరూ జీతమివ్వని గ్రంథాలయాధికారులు వీళ్ళు.

మన భాషకీ ఇటువంటి ఋణమొకటుంది. సీ.పీ. బ్రౌన్ తాటాకులు పోగుచేయించాడు. కానీ పోగుచెయ్యడంతో ఆగలేదు. పండితులని జీతాలకి పెట్టుకుని ప్రతులు పక్కపక్కన పెట్టి సరిచూయించాడు, నకళ్ళు రాయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఆయన సంపాదించిన ప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చేరి, చదివేవాళ్ళకి దొరికాయి. దాచడానికీ దాచుకోవడానికీ మధ్య రెండు అక్షరాలే తేడా. ఆ తేడా బ్రౌన్‌కి తెలుసు.

నష్టం లేకపోవడం అనే మాటని కూడా కొంచెం తరచి చూడాలి. 2022లో అమెరికాలో ఒక అలజడి రేగింది. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ మూల టేపు నుంచి చేశామని గ్రామఫోను రికార్డులు ఖరీదుగా అమ్మేది. మధ్యలో అంకెల మెట్టు ఏదీ లేదని కొన్నవాళ్ళు నమ్మారు. ఆ నునుపు అంకెల్లో రాదని, తమ చెవులకి తేడా ఇట్టే తెలుస్తుందని రాసుకున్నారు కూడా. తీరా మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఏకంగా 40,000 ప్రతులు వేస్తామని కంపెనీ ప్రకటించేసరికి, ఒక మూల టేపుని అన్నిసార్లు ఎట్లా తిప్పుతారని అనుమానం పుట్టింది. 2011 నుంచే చాలా రికార్డులకి అంకెల నకలు వాడుతున్నామని చివరికి కంపెనీ ఇంజనీర్లు ఒప్పుకున్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది, 2.5 కోట్ల డాలర్ల రాజీ దాకా పోయింది.

ఈ కథ విని నవ్వేవాళ్ళు, చూశారా, చెవికి తెలియలేదు, అంతా భ్రమే అంటారు. నేనట్లా అనను. అమ్మ చేత్తో రాసిన ఉత్తరమూ దాని జెరాక్సూ ఒకే మాట చెబుతాయి. జెరాక్సు చూపించి ఇదే ఉత్తరమంటే మోసపోయామని బాధపడమా? వాళ్ళు కొనుక్కున్నది శబ్దం ఒక్కటే కాదు, ఒక మాట కూడా. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నిజం చెబుతున్నాను అనే మాట. శబ్దంలో నష్టం లేకపోయినా ఆ మాటలో నష్టం జరిగింది. కాకపోతే వాళ్ళూ ఒక సంగతి ఒప్పుకోవాలి. తాము చెవితో కాక చీటీతో వింటున్నామని.

మా మిత్రుడు చీటీతో కూడా కాదు, అంకెలతో వినేవాడు. ఆ కథ అతనే చెప్పాడు.

1983 చివర్లో ఉద్యోగం మీద తర్ఫీదుకని ఆరు నెలలు జపాను వెళ్ళాడు. భాష రాదు, శాకాహారం దొరకదు, మొట్టమొదటి చలికాలం. గది పక్క రికార్డుల దుకాణంలో ‘ఆబీ రోడ్’ విని, 3,500 యెన్‌లు పెట్టి ఆ డిస్కు కొన్నాడు. ఇంకా ఏ దేశంలోనూ అది డిస్కుగా రాలేదు. జపానులో తోషిబా వాళ్ళు వేసిన ఆ ముద్రణనీ కొద్దికాలానికే బజారు నుంచి వెనక్కి తీసుకున్నారు. అందుకే అది ఇవాళ సేకరించేవాళ్ళకి అంత మోజు. ఇంటికి తెచ్చాడు గానీ వినడానికి యంత్రం లేదు. సింగపూరు నుంచి బంధువు ఒకరు తెచ్చి ఇచ్చేదాకా నాలుగేళ్ళు ఆ డిస్కు చీరల బీరువాలో నాఫ్తలీను ఉండల మధ్య ఉండింది.

2005లో దాన్ని కంప్యూటరులోకి నకలు తీశాడు. చుక్క తేడా లేదు. రెండుసార్లు తీసి పోల్చాడు, గుర్తుసంఖ్య కలిసింది. వినిపిస్తే పాట మునుపటికంటే తళతళలాడుతోంది. వచ్చిన ప్రతివాడికీ, చూశారా, నష్టం లేని నకలు అంటే ఎట్లుంటుందో అని వినిపించేవాడు. అప్పుడు పంతొమ్మిదేళ్ళున్న కూతురు ఒకరోజు, "నాన్నా, ఇది గీస్తా ఉంది, చెవికి గుచ్చుకుంటా ఉంది" అంది. ఇతను నవ్వి అంకెలు చూపించాడు. అంకెలు కలిసినప్పుడు గుచ్చుకోవడం నీ భ్రమ అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ ఆ మాటెత్తలేదు.

తరవాత చాలాకాలానికి తెలిసింది, కూతురి మాటే నిజం. తొలి నాళ్ళ జపాను డిస్కుల్లో కొన్నిటికి ఒక పద్ధతి ఉండేది. డిస్కు తయారుచేసేటప్పుడు పై స్థాయి శబ్దాలని కావాలని పెంచి రాసేవారు. వినిపించే యంత్రం వాటిని అదే కొలతలో తగ్గించి వినిపించేది. అట్లా చేస్తే యంత్రపు హోరు కూడా దాంతోపాటు అణిగిపోయేది. తగ్గించమని చెప్పడానికి డిస్కులో ఒక చిన్న గుర్తు ఉండేది. ఇతని డిస్కు అటువంటిదే. కంప్యూటరు పాటలోని అంకెలన్నీ తెచ్చుకుంది, ఆ గుర్తుని వదిలేసింది. ఒక్క అక్షరం పోలేదు, చదివే తీరు పోయింది. నకలు నూటికి నూరుపాళ్ళు సరి, పాట తప్పు.

"అంకెలు అబద్ధం చెప్పవురా. కానీ అంకెలకి చెవులు లేవు. నా కూతురికి ఉన్నాయి. నేను అంకెల మాట విన్నాను" అన్నాడు మిత్రుడు.

ఇది విన్నప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది. మా అమ్మ కోలారులో కన్నడ బళ్ళో ఐదో తరగతి దాకా చదివింది. తెలుగు మాట్లాడేది, కన్నడ అక్షరాల్లో రాసేది. మనలో ఎందరిళ్ళలోనో ఇటువంటి నోటు పుస్తకాలుంటాయి. నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు ముప్ఫై దాకా అట్లా రాసి పెట్టుకుంది. 1998లో అమ్మ పోయాక నేను ఆ పుస్తకం కూర్చుని తెలుగు లిపిలోకి ఎత్తి రాశాను. ఒత్తు తప్పలేదు, దీర్ఘం తప్పలేదు. అచ్చువేయించి బంధువులకి పంచాను. అమ్మ పాటలు కాపాడానని నలుగురిలో చెప్పుకున్నాను కూడా. 2012లో మా అమ్మాయి పెళ్ళిలో తలుపు దగ్గర ఆడవాళ్ళు ఆ పుస్తకం తెరిచి, "మాటలున్నాయి గానీ వరస ఎట్ల?" అని నా ముఖం చూశారు. నాకు తెలియదు. ఎనభై దాటిన మా పిన్నమ్మకి రెండు పాటల వరస వచ్చు. తక్కినవి చదివారు, పాడలేదు. అమ్మ బతికుండగా ఎన్ని సాయంత్రాలు వంటింట్లో కూనిరాగం తీసిందో నాకు తెలుసు. పక్కన కూర్చుని, ఇంకోసారి పాడమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. పుస్తకం ఉంది గదా అనుకున్నాను.

నా నకలులోనూ నష్టం లేదు. గుర్తు ఒక్కటే పోయింది.

ఇప్పుడు చెల్లెమ్మ ప్రశ్నకి జవాబు చెప్పగలననుకుంటాను. వినపడని పాటకి డబ్బు పెట్టడం తప్పా? తన చెవి కోసమే అయితే వృథా. పాట కోసమైతే కాదు. కానీ పాట కోసం అనే మాట నోటితో అంటే చాలదు. చెవి ఉన్నవాడిని తెచ్చి దాని ముందు కూర్చోబెట్టాలి. ఇది వినేవాడి మీద చూపే దయ అనుకుంటే పొరపాటు. దాచేవాడికే అవసరం. నకలు సరిగ్గా ఉందో లేదో సంఖ్య సగమే చెబుతుంది, మిగతా సగం ఇంకొక మనిషి చెప్పాలి. మా మిత్రుడికి 8,000 హెర్ట్జ్ పైన జరిగేదాన్ని తనంతట తాను సరిచూసుకునే శక్తి ఇక లేదు. తలుపు మూసుకుంటే అతని రెండు వేల డిస్కుల్లో ఏది గీస్తోందో, ఏది సరిగా ఉందో అతనికే తెలియకుండా పోతుంది. ఒంటరిగా దేన్నైనా దాచవచ్చు. భద్రం చెయ్యడం మాత్రం ఒక్కడి వల్ల కాదు.

రాష్ట్రం బయట ఉన్న మనల్ని కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు. పిల్లలు చదవని భాషలో ఈ పత్రిక ఎవరికోసమని. సంచికలు వరసగా బైండు చేయించి బీరువాలో పెట్టుకున్నంత మాత్రాన జవాబు చెప్పినట్టు కాదు. నా మటుకు నేను మా పిన్నమ్మ దగ్గర కూర్చుని ఆ రెండు వరసలూ మనవరాలికి నేర్పిస్తున్నాను. అది సరిగ్గా పట్టుకోదు, కన్నడ యాస పడుతుంది, మధ్యలో సినిమా పాట ఫణితి దూరుతుంది. నష్టం చాలా ఉంది. అయినా పాడుతోంది.

పోయిన ఆదివారం మిత్రుడింటికి మళ్ళీ వెళ్ళాను. అతని దగ్గర పొడుగాటి లెడ్జరు పుస్తకం ఒకటుంది. డిస్కు నంబరు, తయారైన సంవత్సరం, కొన్న వెల, నకలు తీసిన తేదీ, గుర్తుసంఖ్య, అన్నిటికీ గళ్ళు గీసుకున్నాడు. ఇప్పుడు చివర ఎర్ర సిరాతో కొత్త గడి గీశాడు. పైన ‘ఎవరు విన్నారు’ అని రాసి ఉంది. మద్రాసు ఆయనకి ఫోను చేశాడట. వచ్చే నెల వస్తానన్నాడట.

జపాను పార్సెలు కూతురి కొడుకు విప్పాడు. వాడికి పదేళ్ళు. ఓబీ చిరగకుండా తియ్యమని తాత పక్కన నిలబడి పదిసార్లు చెప్పాడు. డిస్కు పెట్టి, పిల్లవాడిని రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన కూర్చోబెట్టి, తను వెనక నిలబడ్డాడు.

"పైన తాళాలు వినిపిస్తున్నాయా?"

"ఏ తాళాలు తాతా?"

"పాట వెనకాల, సన్నగా. గిటారు కాదు, దాని పైన."

పిల్లవాడు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తలెత్తి, "ఆఁ, ఇప్పుడు. రేకు మీద చినుకులు పడినట్లుంది" అన్నాడు.

"గీస్తా ఉందా?"

"లేదు."

మిత్రుడు లెడ్జరు తెరిచి, ఎర్ర గీతల గడిలో మనవడి పేరూ ఆనాటి తేదీ రాసుకున్నాడు.